అడవి మాంసం ఉడికిందా?



మా గోదావరి వైపు వేటమాంసమంటే మేకమాంసమే. ఇవాళ నేను చెప్పబోయేది దాన్ని గురించి కాదు, నిజంగా అడవిలో వేటాడి తెచ్చిన మాంసం గురించి. మన దేశంలో 1972 నాటి చట్టం ప్రకారం అడవి జంతువులను వేటాడటం నేరం. అయినా అడవిపంది మాంసం చాటుమాటుగా కొన్ని ఇళ్లకు వస్తూనే ఉంది. దాన్ని పరీక్షించి ముద్ర వేసే వారెవరూ ఉండరు. ఇక అమెరికా, కెనడాల్లో లైసెన్సు మీద వేట మామూలే కాబట్టి, అక్కడున్న మన పిల్లలకు ఇరుగుపొరుగువారు అలాంటి మాంసం ప్రేమగా ఇవ్వవచ్చు.

2022 జూలైలో అమెరికాలోని సౌత్ డకోటాలో ఒక కుటుంబం వాళ్లంతా ఒకచోట కలుసుకున్నారు. కెనడాలో వేటాడిన ఎలుగుబంటి మాంసాన్ని కూరగాయ ముక్కలతో కలిపి నిప్పుల మీద కాల్చారు. ఆ మాంసం సహజంగానే నల్లగా ఉంటుంది, కాలిందో లేదో కంటికి తెలియదు. కొందరు తినడం మొదలుపెట్టాక పచ్చిగా ఉందని గమనించి మళ్లీ కాల్చారు. అప్పటికే ఆలస్యమైంది. ఆరుగురు జబ్బుపడ్డారు, ముగ్గురు ఆస్పత్రిలో చేరారు.

ఇందులో నన్ను ఆలోచింపజేసింది ఏమిటంటే, ఆ ఆరుగురిలో ఇద్దరు మాంసం ముట్టనేలేదు! దానితో కలిపి వండిన కూరగాయలు మాత్రమే తిన్నారు. మన ఇళ్లలో చూడండి, నీచు తినని అత్తగారో వదినగారో ఉంటే, "ముక్క తీసేసి బంగాళాదుంపలు వేసుకోండి" అంటాం. పచ్చి మాంసం కోసిన కత్తిపీట మీదే టమాటాలు తరుగుతాం.

ఆ పురుగు పేరు ట్రైకినెల్లా. జంతువు కండలో చుట్ట చుట్టుకుని, కంటికి కనపడకుండా ఉంటుంది. మన కడుపులోకి వెళ్లాక పేగుల్లో పెద్దదై పిల్లల్ని పెడుతుంది. ఆ పిల్లలు రక్తంలో కలిసి మన కండల్లోకి చేరతాయి. మొదట కడుపునొప్పి, విరేచనాలు. వారం రెండు వారాలయ్యాక జ్వరం, కనురెప్పల వాపు, ఒళ్లంతా భరించరాని నొప్పులు. ఒక్కొక్కసారి గుండెకూ ముప్పే.

ఫ్రిజ్జులో గడ్డకట్టిస్తే చస్తాయి గదా అంటారేమో. ఆ ఎలుగుబంటి మాంసాన్ని 45 రోజులు గడ్డకట్టించే ఉంచారు. మిగిలిన మాంసాన్ని తర్వాత పరీక్షిస్తే పురుగులు ఇంకా కదులుతూనే ఉన్నాయట! చలిదేశాల అడవి జంతువుల్లోని ఈ రకం మంచుకు చావదు. ఉప్పు పట్టించి ఎండబెట్టిన తునకలనూ, పొగబెట్టిన మాంసాన్నీ నమ్మడానికి లేదు.

దీనికి మందు నిప్పే. ముక్క నడిమధ్య దాకా 74 డిగ్రీల సెంటిగ్రేడు వేడి తగలాలి. మన అమ్మమ్మలు మాంసాన్ని ఎముక విడిపోయేలా ఉడికించేవారు, వాళ్లకు థర్మామీటరు అక్కర్లేకపోయింది. ఇప్పుడు పెరట్లో బొగ్గుల మీద పైపైన కాల్చి, "లోపల కాస్త పచ్చిగా ఉంటేనే రుచి" అనే కుర్రకారు మాత్రం ముక్కలోకి గుచ్చి చూసే థర్మామీటరు కొనుక్కోవడమే మంచిది.

అలాంటి మాంసం తిన్నాక జ్వరమూ, కళ్ల వాపూ వస్తే, రెండు మూడు వారాల కిందట ఏం తిన్నారో సిగ్గుపడకుండా డాక్టరుగారికి చెప్పండి. పురుగులు పేగుల్లో ఉన్నప్పుడు మందులు బాగా పనిచేస్తాయి. కండల్లోకి చేరాక వాటిని చంపడం కష్టం.