పెండ్లిచెలుల చీరలు, పెండ్లింటి తగవులు



మన సంఘ వార్షికసభలయందు విద్యార్థివేతనములను గూర్చియు, వసతిగృహములను గూర్చియు, వధూవరాన్వేషణమును గూర్చియు ఏటేట ప్రసంగములు జరుగుచున్నవి. అవి జరుగవలసినవే. నన్ను మాత్రము ఇష్టమైన విషయము చెప్పుమని కార్యనిర్వాహకులు కోరిరి గనుక, వేదికమీద నెవ్వరు నెత్తనిదియు, ఇండ్లలో ప్రతిదినము వినబడునదియు నగు నొక చిన్న సంగతిని ఎంచుకొంటిని. పెండ్లికుమార్తె ప్రక్కన నిలుచు బాలికల బట్టల వెల యెవరు పెట్టుకొనవలెను? ఇది ఆడువారి మాట యని కొందరు పురుషులు నవ్వుచున్నారు. ఈ మాటమీదనే అన్నదమ్ములు పలుకరించుకొనుట మానిన యిండ్లు నాకు తెలియును.

పెండ్లికూతునకు తోడిపెండ్లికూతురు, పెండ్లికొడుకునకు తోడిపెండ్లికొడుకు నుండుట మనకు క్రొత్తగాదు. చెల్లెలో, మేనత్తబిడ్డయో, వరుసయైన యింటి పసిదియో ఆ స్థానమున గూర్చుండును. దానికి క్రొత్తబట్టలు పెట్టువారు పెండ్లివారే. సంస్కృతమునను ఇట్టివారి ప్రసక్తి కలదు. వరుని స్నేహితులకు అమరకోశము ‘జన్యు’లని పేరు పెట్టినది. కుమారసంభవమున, సప్తమసర్గమునందు, పార్వతి పాదములకు లత్తుక దిద్దిన చెలికత్తె యొక పరిహాసమాడగా ఆమె మారుపలుకక పూలదండతో గొట్టినదని కాళిదాసు వర్ణించెను. పార్వతి కట్టిన వస్త్రమును వర్ణించిన యా మహాకవి, చెలికత్తె యే రంగు చీర కట్టెనో చెప్ప నవసరమని తలపలేదు.

వస్త్రమునకు మనవా రెంత గౌరవ మిచ్చిరో ‘మధుపర్కము’ అను నొక్క మాట చెప్పును. సంస్కృతమున నది యింటికి వచ్చిన పూజ్యునకు తేనె, పెరుగు మున్నగువానిని గలిపి యిచ్చు ద్రవ్యము. తెలుగునాట పెండ్లిలో వధూవరులకు పెట్టు అంచుగల తెల్లని నూలుబట్టలకే ఆ పేరు సంక్రమించినది. నేడు మధుపర్కములన్నచో ఎవ్వరికిని తేనె తోచదు, బట్టలే తోచును. మేనమామ తెచ్చు చీర, అత్తవారు తెచ్చు పట్టుచీర, తెలంగాణమున పుట్టినింటివారు ఒడిబియ్యముతో పెట్టు చీర — ఇవియన్నియు ఒకరు పెట్టగా వేరొకరు కట్టుకొనునవి. పిలిచినవారు పెట్టుదురు, వచ్చినవారు కట్టుదురు.

వెనుకటి కాలమున తగవులు లేవని నేననను. ఆడబిడ్డకు పెట్టిన చీర అంచు చిన్నదని విడిదింట ముడుచుకొని పడుకొనిన వారిని, వారిని బ్రతిమాలుచుండగా ముహూర్తము ముంచుకొనివచ్చిన పెండ్లిని కన్నులార జూచితిని. కాని యా తగవు పెట్టినది చాలలేదని వచ్చిన తగవు. నేటిది పిలిచినందుకు సొమ్ము తెమ్మనుటవలన వచ్చిన తగవు.

ఒకే రంగు బట్టలతో చెలులను వరుసగా నిలుపుట ఐరోపాఖండపు వేడుక. 1840వ సంవత్సరమున విక్టోరియా రాణి వివాహమునందు పన్నిద్దరు కన్యలు ఒక్కరీతి దుస్తులతో ఆమె వెంట నడచిరి. ఆమె వారికి ఆభరణములను బహూకరించెను. ఇంగ్లండులో ఇట్టి చెలుల దుస్తులకు పెండ్లివారే వెల పెట్టుట వాడుక. అమెరికాలో మాత్రము ఎవరి దుస్తులు వారు కొనుక్కొనుట వాడుకయైనది. అక్కడ స్థిరపడిన మనవారి పెండ్లిండ్లలోను, చిత్రములలోను, సెల్లుఫోనులోని ఫోటోలలోను దీనిని చూచి మన బాలికలు ముచ్చటపడిరి. ముచ్చటను నేను తప్పుపట్టను. మన పసుపు దంచుటయే ‘హల్దీ’యను పేరు పెట్టుకొని, పచ్చబట్టలు లేనివారు రారాదను నియమముతో మనయింటికే తిరిగి వచ్చినది! రెండు వాడుకలు కన్నులయెదుట నుండగా, మన మర్యాదకు దగ్గరగా నున్న ఆంగ్లేయుల వాడుకను విడిచి రెండవదానిని ఏల పట్టుకొంటిమో నాకు బోధపడదు.

నేనెరిగిన యొక కుటుంబపు సంగతి చెప్పెదను. పేర్లతో పనిలేదు. అన్నదమ్ములిరువురు. అన్న వ్యాపారమున వృద్ధిలోనికి వచ్చెను. తమ్ముడు బట్టల దుకాణమున గుమాస్తా; నెలకు 18,000 రూపాయల జీతము. ఇరువురి కుమార్తెలును ఒక్క పెరటిలో ఆడుకొని పెరిగినవారు. మూడేండ్లక్రిందట అన్న కుమార్తెకు వివాహము నిశ్చయమైనది. ఆమె ఆరుగురు చెలులను ఏరి వాట్సాపులో నొక సందేశము పంపెను: అందరును గులాబిరంగు చీర ఫలానా దుకాణమున కొనవలెను, రవికకు మగ్గపు పని ఫలానావారిచేతనే చేయింపవలెను, ‘సంగీత్’ నాటికి వేరుగా లెహంగా కావలెను. తమ్ముడు వృత్తిరీత్యా వెలలు తెలిసినవాడగుటచే కాగితముపై లెక్క వేసెను. చీర 8,000, రవిక 5,000, లెహంగా 7,000, అలంకరణకు 3,000, అద్దెనగలకు 2,000. వెరసి 25,000 రూపాయలు. పిల్ల ఆ కాగితమును చూచి, తండ్రి నేమియు నడుగక, తనకు పరీక్షలున్నవని అక్కకు జవాబు వ్రాసెను.

‘నా పెండ్లికంటె పరీక్ష లెక్కువా?’ యని పెండ్లికూతురు కన్నీరు పెట్టుకొనెను. ఆమె చెడ్డపిల్ల కాదు. తాను నలుగురు స్నేహితురాండ్ర పెండ్లిండ్లకు ఇట్లే సొమ్ము పెట్టుకొని చీరలు కొనియున్నది. అదే తిరిగి తనకు జరుగవలెనని యాశించినది. మనకును చదివింపుల పుస్తకము కలదు. ఎవరెంత చదివించిరో వ్రాసికొని, వారి యింటి శుభకార్యమున తిరిగి చదివింతుము. కాని చదివింపు ఎవరి శక్తికొలది వారిది. ఇంత యని నిర్ణయించి ముందుగా ఎవ్వరును కబురంపరు.

అసలు సంగతి తెలిసిన వదినగారు మరదికి ఫోను చేసి, ‘పోనిండు, మీ పిల్లకు మేమే కొనిపెట్టెదము’ అనిరి. ఆమె మంచి మనసుతోనే యనిరి. ఆ మాటయే కొంప ముంచినది. ‘నా బిడ్డకు బట్టలేదని మీ కెవరు చెప్పిరి?’ యని ఆయన ఫోను పెట్టివేసెను. తరువాత అన్నగారు కుంకుమబొట్టు పెట్టి పిలువవలసిన శుభలేఖను కారు నడుపువానిచేత పంపెను. తమ్ముడు ముహూర్తమునకు వచ్చి, అక్షతలు వేసి, విస్తరి ముందు కూర్చుండకయే వెడలిపోయెను.

అయ్యలారా! ఆలోచింపుడు. ‘బట్టలు మేమే పెట్టెదము’ అను మాటనే మొదటి సందేశమున వ్రాసియున్నచో అది వెనుకటినుండి వచ్చు మర్యాద. ఆ యింటిలో నెవ్వరును అభిమానపడి యుండరు. పిల్ల వెనుదీసిన తరువాత చెప్పుటచే అదే సొమ్ము, అదే చీర, బీదబంధువునకు విదిలించిన దానమువలె వినబడినది.

వరకట్న నిషేధశాసనము 1961లో వచ్చినది. వధూవరులకిచ్చు కానుకలకు పట్టిక వ్రాయవలెనని 1985లో నిబంధనలు చేసిరి. ఈ చెలుల ఖర్చు ఆ పట్టికకు ఎక్కునది కాదు, న్యాయస్థానమునకు పోవునది కాదు. ఇది పెద్దలు నోరు విప్పి చక్కదిద్దుకొనవలసినదే. బట్టను నిర్ణయించువారే వెల పెట్టుకొనవలెనని నా మనవి. అంత వ్రయము వద్దనుకొనినచో ‘గులాబిరంగున మీ పెట్టెలో నేది యున్న నది కట్టుకొని రండు’ అనవచ్చును. ఆరు విధముల గులాబిరంగులు ఫోటోలో బాగుండవని ఎవ్వరనిరి? కొనిపెట్టువారైనను మంగళగిరి జరీయంచు నూలుచీర వంటిది ఎంచినచో పిల్లలు దానిని మరల కట్టుకొందురు. అద్దముల పని, తళుకుల పని చేసిన లెహంగాలు ఒక్కనాటి తరువాత బీరువానుండి వెలికి రాగా నేను చూడలేదు. మరియొక మాట. ఈ సంగతిని పదిమంది చూచు వాట్సాపు సమూహమున అడుగరాదు. అక్కడ కాదనుటకు పిల్లకు నోరు రాదు, అబద్ధమాడుటకే వచ్చును. తల్లి పోయి తల్లినే అడుగవలెను.

సంఘ కల్యాణమండపమును కోరువారికిచ్చు పత్రముతోపాటు ఈ మాటలను అచ్చువేసి యిచ్చుటకు అనుమతింపుడని కోరుచు నొక తీర్మానమును కార్యదర్శిగారికి అందించితిని. మధ్యాహ్నము మహిళాసభలో అది చర్చకు రానున్నది.

నేను చెప్పిన తమ్ముని కుమార్తెకు రానున్న మాఘమాసమున వివాహము. అన్నగారి మనుమరాలు, అయిదేండ్లది, తోడిపెండ్లికూతురుగా నుండవలెనని ఆయన కోరిక. పరికిణీ కుట్టించుటకు కొలత పంపుడని వదినగారికి కబురంపెను. నేను బయలుదేరి వచ్చునప్పటికి జవాబు రాలేదు.