తీరాన తోట, తీరానికి దూరంగా మదుపు

తీరప్రాంతమైన ఉద్దానంలోని కుటుంబాల ఆస్తిపాస్తులను కాగితం మీద రాసి చూస్తే, చాలా ఇళ్లలో ఆ జాబితా నాలుగైదు పద్దులతో ముగుస్తుంది: కొబ్బరి తోట, జీడి తోట, ఇల్లు, కొంత బంగారం, నడుస్తున్న ఒక చీటీ. పలాస–కాశీబుగ్గలో దీనికి జీడిపప్పు పరిశ్రమలో వాటాయో, వ్యాపారమో, జీతమో తోడవుతుంది. టెక్కలి వైపు గ్రానైటు పని తోడవుతుంది. ఈ పద్దులు వేర్వేరుగా కనిపించినా, బంగారం తప్ప తక్కినవన్నీ ఒకే తీరాన్ని నమ్ముకున్నవి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను గంటకు 140–150 కిలోమీటర్ల గాలితో పలాస సమీపంలో తీరం దాటినప్పుడు చెట్టూ, చెట్టు మీది పంటా, ఇంటి కప్పూ, చీటీ కట్టవలసిన పొరుగువారి ఆదాయమూ ఒక్కసారే దెబ్బతిన్నాయి. కొబ్బరి మొక్క నాటితే కాపుకు రావడానికి అయిదారేళ్లు పడుతుంది గనుక ఆ నష్టం ఒక పంటతో తీరేది కాదు. ఆస్తి, ఆదాయం, అప్పు ఇచ్చేవారు, అప్పు తీసుకునేవారు అందరూ ఒకే దెబ్బకు గురయ్యే స్థితిని మదుపు శాస్త్రం ‘ఒకేచోట గుమిగూడిన నష్టభయం’గా పరిగణిస్తుంది. సొంతంగా మదుపు నేర్చుకోదలచిన ఉద్దానం మనిషి అడగవలసిన మొదటి ప్రశ్న ఏ షేరు పెరుగుతుందన్నది కాదు. తన దగ్గర ఇప్పటికే ఉన్నదేమిటి, అది దేనితోపాటు పడిపోతుంది అన్నదే ఆ ప్రశ్న.

ఆధారాల మీద నిలబడే మదుపు అంటే, ఎవరో లాభపడ్డారన్న కబురు మీద కాకుండా, గెలిచినవారితోపాటు ఓడినవారిని కూడా లెక్కలోకి తీసుకుని దీర్ఘకాలం మీద పరీక్షించిన ఫలితాల మీద నిర్ణయాలు చేయడం. ఈ పరీక్షల చరిత్ర చిన్నదేమీ కాదు. అమెరికాలో 1929 పతనం తరువాత ఆల్‌ఫ్రెడ్ కౌల్స్ అనే సంపన్నుడు, తనకు సలహాలు అమ్మిన నిపుణుల్లో ఒక్కరూ ఆ పతనాన్ని పసిగట్టలేకపోయారని గమనించి, 16 ఆర్థిక సేవా సంస్థలు ఇచ్చిన దాదాపు 7,500 సలహాలను పోగుచేసి లెక్కించి, వాటి సగటు ఫలితం మార్కెట్టు సగటు కంటే తక్కువేనని 1933లో ప్రకటించాడు. మైకేల్ జెన్సన్ 1945 నుంచి 1964 వరకు 115 మ్యూచువల్ ఫండ్ల ఫలితాలను పరిశీలించి, 1968లో దాదాపు అదే మాట మరింత పకడ్బందీ గణితంతో చెప్పాడు. మ్యూచువల్ ఫండ్ అంటే అనేకమంది సొమ్మును ఒకచోట చేర్చి, నిర్వాహకుడి చేత షేర్లో బాండ్లో కొనిపించి, వచ్చిన లాభనష్టాలను యూనిట్ల లెక్కన పంచే ఏర్పాటు.

ఆ నిర్వాహకులు తెలివితక్కువవారు కానప్పుడు ఈ ఫలితం ఎందుకు వస్తున్నదన్న ప్రశ్నకు విలియం షార్ప్ 1991లో రాసిన కొద్ది పేజీల వ్యాసం కూడికలు, తీసివేతలతోనే జవాబిచ్చింది. మార్కెట్టులోని షేర్లన్నీ ఎవరో ఒకరి చేతిలో ఉండక తప్పదు కాబట్టి అందరి లాభం కలిపితే మార్కెట్టు లాభమే అవుతుంది. అందులో ఏమీ ఎంచకుండా మొత్తాన్ని కొని ఉంచుకున్నవారికి మార్కెట్టు సగటే వస్తుంది గనుక, ఎంచి ఎంచి కొనేవారందరికీ కలిపి మిగిలేది కూడా ఖర్చులకు ముందు ఆ సగటే. ఎంచడానికి అయ్యే జీతాలు, దలాలీ, ప్రచారం ఖర్చు అందులోంచి పోతే వారి సగటు తప్పనిసరిగా తగ్గుతుంది. ఒకరు సగటును మించితే మరొకరు దానికి దిగువన ఉండి తీరాలి. ఈ వాదనకు గణాంకాల అవసరం కూడా లేదు. ఈ రంగంలో ఇంత తక్కువ మాటల్లో ఇంత గట్టిగా నిలిచిన వాదన మరొకటి కనబడదు.

ఈ తర్కాన్ని షార్ప్ వ్యాసం రాకముందే, 1976లో, జాన్ బోగుల్ వాన్‌గార్డ్ సంస్థ ద్వారా ఒక ఫండు రూపంలో సామాన్యుల ముందుకు తెచ్చాడు. 15 కోట్ల డాలర్లు వస్తాయనుకున్న ఆ ఫండుకు వచ్చింది 1.13 కోట్ల డాలర్లే. దాన్నే నేడు ఇండెక్స్ ఫండ్ అంటున్నారు: మార్కెట్టు సూచీలో ఏ కంపెనీలు ఏ నిష్పత్తిలో ఉన్నాయో ఆ నిష్పత్తిలోనే కొని ఉంచే ఫండ్. భారతదేశంలో నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజి 1996లో ప్రారంభించిన నిఫ్టీ 50, బొంబాయి ఎక్స్ఛేంజి 1986 నుంచి ప్రకటిస్తున్న సెన్సెక్స్ ఇటువంటి సూచీలు. ఇక్కడి పెద్ద కంపెనీల ఫండ్ల విషయంలో దీర్ఘకాలంలో అధిక భాగం సూచీకి వెనకబడుతుండగా, మధ్యస్థ, చిన్న కంపెనీల ఫండ్లలో ఫలితం కాలాన్నిబట్టి మారుతూ ఉంటుంది. కాబట్టి ఈ సిద్ధాంతాన్ని అన్నిచోట్లా ఒకే ధీమాతో చెప్పడం కూడా ఆధారాలను మీరడమే అవుతుంది.

గెలిచిన ఫండ్ల జాబితా చూసి కొనేవారు ఒక చిక్కును గుర్తించాలి. తుపాను తరువాత నిలబడిన కొబ్బరి చెట్లను మాత్రమే లెక్కించి తోట సగటు దిగుబడి కట్టినవాడికి ఎంత తప్పు లెక్క వస్తుందో, మూతపడిన, వేరేదానిలో విలీనమైన ఫండ్లను వదిలేసి మిగిలినవాటి పదేళ్ల లాభాన్ని చూపించే ప్రకటనలోనూ అంతే తప్పు ఉంటుంది. దీన్ని ‘బతికినవాటి పక్షపాతం’ అంటారు. పరిశోధకుడు పడిపోయిన ఫండ్లను తిరిగి లెక్కలో చేర్చిన ప్రతిసారీ సగటు కిందికి దిగుతుంది.

ఖర్చు సంగతి ఒక లెక్కతో తేలుతుంది. లక్ష రూపాయలు 20 ఏళ్లపాటు ఉంచగా ఖర్చులకు ముందు ఏటా 11 శాతం వచ్చిందని కేవలం లెక్క కోసం అనుకుంటే, ఏడాదికి 0.2 శాతం తీసుకునే ఫండులో చివరకు సుమారు 7 లక్షల 77 వేలు, 2 శాతం తీసుకునే ఫండులో సుమారు 5 లక్షల 60 వేలు మిగులుతాయి. లక్షకు రెండు లక్షలకు పైగా తేడా తెచ్చిన ఆ 1.8 శాతం ఏ ఏడాదీ బిల్లు రూపంలో చేతికి రాదు, యూనిట్ ధరలోంచి రోజూ కొద్దికొద్దిగా తరుగుతుంది. సెక్యూరిటీల మార్కెట్టును నియంత్రించే సెబీ ఆదేశం మేరకు 2013 జనవరి 1 నుంచి ప్రతి ఫండుకూ పంపిణీదారు కమీషన్ లేని ‘డైరెక్ట్’ ప్లాన్ అందుబాటులో ఉంది. పేరులో ఆ ఒక్క మాట ఉందో లేదో చూసుకోవడం సొంత మదుపరి మొదటి పాఠం.

తెలుగు నేలకు బాగా తెలిసిన ఉదాహరణ సత్యం కంప్యూటర్స్. హైదరాబాదు నుంచి ఎదిగి, నిఫ్టీలో చోటు పొంది, 2008లో ఉత్తమ కార్పొరేట్ పాలనకు పురస్కారం కూడా అందుకున్న ఆ కంపెనీ లెక్కల్లో వేల కోట్లు కల్పితమని 2009 జనవరి 7న దాని అధిపతే లేఖ రాసి ఒప్పుకున్నప్పుడు, ముందురోజు 179 రూపాయలున్న షేరు ఆ సాయంత్రానికి దాదాపు 40 రూపాయలకు పడింది. దానిలో పనిచేస్తూ, జీతం దానినుంచే తీసుకుంటూ, పొదుపు కూడా దాని షేర్లలోనే ఉంచుకున్న ఉద్యోగికి ఒకే రోజు రెండువైపులా గండి పడింది. నిఫ్టీ ఫండులో ఉన్నవారికి అది 50లో ఒకటి. కొద్ది రోజుల్లోనే సూచీ దాన్ని తొలగించి మరొక కంపెనీని చేర్చుకుంది. పురస్కారం, ఆడిట్ సంతకం, మనవాళ్ల కంపెనీ అన్న అభిమానం, ఈ మూడూ కలిసి కూడా ఒక కంపెనీ మీద పెట్టిన మదుపును కాపాడలేకపోయాయి.

అగ్రిగోల్డ్ కథ వేరు. అది మార్కెట్టు ఒడుదుడుకు కాదు. విజయవాడ కేంద్రంగా ఏజెంట్ల ద్వారా సుమారు 32 లక్షల మంది నుంచి దాదాపు 6,380 కోట్లు సేకరించి తిరిగి చెల్లించలేకపోయిన ఆ సంస్థ డిపాజిటర్లలో, పది వేలలోపు కట్టినవారికి 2019లో, ఇరవై వేలలోపు వారికి 2021లో రాష్ట్ర ప్రభుత్వం తన ఖజానా నుంచి చెల్లించవలసి వచ్చింది. ఏజెంటు చాలాచోట్ల బంధువో, పొరుగువాడో, తెలిసిన మాస్టారో కావడం వల్ల అడగవలసిన ప్రశ్నలు మొహమాటం కింద ఉండిపోతాయి. ఏ నియంత్రణ సంస్థ వద్ద నమోదైంది, వస్తుందంటున్న లాభం ఏ వ్యాపారం నుంచి పుడుతుంది, సొమ్ము వెనక్కి కావాలంటే ఎన్ని రోజులు పడుతుంది అనే మూడు ప్రశ్నలు బంధుత్వాన్ని కించపరిచేవి కావు. సలహాదారు నమోదు సంఖ్యను సెబీ వెబ్‌సైటులో సరిచూడడానికి అయిదు నిమిషాలు చాలు.

ఫోనులో యాప్ తెరిచి ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడుతున్న యువకులకు సెబీ 2024 సెప్టెంబరులో ప్రకటించిన అధ్యయనం చాలు. ఆప్షన్ అంటే ఒక ధరకు కొనే లేదా అమ్మే హక్కును గడువుతో కొనడం. గడువులోగా ధర అనుకున్నవైపు కదలకపోతే కట్టిన సొమ్ము పోతుంది. 2021–22 నుంచి 2023–24 వరకు మూడేళ్లలో ఈ విభాగంలో లావాదేవీలు చేసిన కోటిమందికి పైగా వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. నష్టపోయినవారి సగటు నష్టం ఖర్చులతో కలిపి సుమారు రెండు లక్షలు. వ్యక్తులందరి నష్టం 1.8 లక్షల కోట్లకు పైమాట. మామూలు షేర్లలోనూ చేతి దురద ఖరీదైనదే. అమెరికాలో 1991–96 మధ్య 66,465 కుటుంబాల ఖాతాలను బార్బర్, ఓడీన్ పరిశీలించినప్పుడు, మార్కెట్టు ఏటా 17.9 శాతం ఇచ్చిన ఆ కాలంలో అందరికంటే ఎక్కువగా కొని అమ్మినవారికి దక్కింది 11.4 శాతమే.

ఇక ఉద్దానం ఇంటి లెక్కకు వస్తే, షేర్ల మాట ఆఖరున వస్తుంది. ముందు తేలవలసింది అప్పు. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు రెండు చొప్పున ఏడాదికి 24 శాతం. నెలనెలా చక్రవడ్డీ పడితే మూడేళ్లలో అసలు రెట్టింపు దాటుతుంది. ఆ అప్పు తీర్చడం వల్ల మిగిలే 24 శాతం నికరమైన లాభం. దానికి సాటివచ్చే హామీ ఏ ఫండూ ఇవ్వలేదు. కాబట్టి రెండు రూపాయల వడ్డీ బాకీ ఉంచుకుని ఇండెక్స్ ఫండులో నెలనెలా కట్టడం లెక్కకు నిలవదు. దాని తరువాతది ఆపద నిధి. దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి ఎక్కువగా ఉన్న ఈ ప్రాంతంలో, పలాసలో 2023 డిసెంబరులో పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి వచ్చి వైద్యం దగ్గరైనా, వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్లే మనిషి పోగొట్టుకునే కూలీ, తోడువెళ్లినవారు పోగొట్టుకునే కూలీ పూర్తిగా భర్తీ కావు. మిగిలిన ప్రాంతాల పుస్తకాలు ఆరు నెలల ఖర్చు చాలునంటే ఇక్కడ ఏడాది ఖర్చు పక్కన ఉంచుకోవడం సబబు. అది బ్యాంకులోనో పోస్టాఫీసులోనో ఉండాలి. బ్యాంకు డిపాజిట్‌కు 2020 ఫిబ్రవరి నుంచి ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరికి అయిదు లక్షల వరకు బీమా ఉంది. చీటీకి అటువంటి బీమా లేదు.

ఆ రెండూ తీరాక మిగిలిన సొమ్మును, అదీ ఏడెనిమిదేళ్లు కదపనవసరం లేనిదాన్ని మాత్రమే, షేర్ల ఇండెక్స్ ఫండుకు పంపవచ్చు. ఇక్కడ దాని ప్రధాన గుణం ఎక్కువ లాభం కాదు. పలాస కర్మాగారాలు ఆఫ్రికా దేశాల నుంచి కూడా పచ్చి జీడిపిక్కలు తెప్పించుకుంటాయి గనుక 80 కిలోల బస్తా ధర ఇక్కడి పంటను బట్టి మాత్రమే తేలదు. ఒక ఏడాది తుపాను, మరొక ఏడాది దిగుమతి, ఏదైనా రైతు ఆదాయాన్ని కోయగలదు. అటువంటి ఏడాదిలో బ్యాంకులు, సాఫ్ట్‌వేరు, మందులు, వాహనాల కంపెనీల్లో ఉన్న వాటా జీడి ధరతో సంబంధం లేకుండా తన దారిన తాను నడుస్తుంది. మూలపేట రేవు వస్తున్నదని అదే తీరంలో మరో ప్లాటు కొనడానికి ఈ గుణం లేదు. ప్లాటు ధర పెరగవచ్చు, కానీ అది కూడా తోటను తాకిన తుపాను దారిలోనే ఉంటుంది.

నెలనెలా కట్టే సిప్ పద్ధతి జీతగాళ్లకు తగినట్టు రూపొందింది. జీడి రైతుకు సొమ్ము వేసవిలో వస్తుంది, కొబ్బరి మాత్రం ఏడాది పొడుగునా దింపుల లెక్కన ఇస్తుంది. వేసవిలో వచ్చిన మొత్తాన్ని పొదుపు ఖాతాలో ఉంచి నెలకింత కట్టడం మేలా, ఒకేసారి కట్టడం మేలా అని వాన్‌గార్డ్ 2012లో అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా మార్కెట్ల చరిత్ర మీద పరీక్షిస్తే, మూడింట రెండు వంతుల సందర్భాల్లో ఒకేసారి పెట్టడమే ఎక్కువ ఇచ్చింది. మిగిలిన ఒక వంతు సందర్భాల్లో కలిగే దిగులును తట్టుకోలేననుకున్నవారు నాలుగైదు విడతలు చేసుకోవచ్చు, అందులో తప్పులేదు. సిప్ మంత్రం కాదు, క్రమశిక్షణకు ఒక సాధనం మాత్రమే.

సూచీ ఎప్పుడూ తిరిగి లేస్తుందన్న నమ్మకానికి కూడా హద్దు ఉంది. జపాన్ నిక్కీ సూచీ 1989 డిసెంబరు 29న అందుకున్న శిఖరాన్ని మళ్లీ దాటింది 2024 ఫిబ్రవరిలో. 34 ఏళ్లు. అందుకే షేర్లతోపాటు పీపీఎఫ్ వంటి ప్రభుత్వ పథకాల్లోనూ సొమ్ము ఉండాలి, వయసు పెరిగేకొద్దీ వాటి పాలు పెరగాలి, ఏడాదికొకసారి మాత్రం ఆ నిష్పత్తిని సరిచూసి సర్దుకోవాలి. తరచూ అమ్మి కొనేవారు పన్నును కూడా మరువకూడదు: 2024 జూలై 23 నుంచి, ఏడాది దాటి ఉంచిన ఈక్విటీ యూనిట్లు అమ్మినప్పుడు ఏటా 1.25 లక్షలు దాటిన లాభం మీద 12.5 శాతం, ఏడాదిలోపు అమ్మితే మొత్తం లాభం మీద 20 శాతం కట్టాలి.

వలస వెళ్లినవారికి మరి రెండు పనులున్నాయి. ఉద్యోగానికి గల్ఫ్ వెళ్లి విదేశీ మారక చట్టం ప్రకారం ప్రవాసి అయిన వ్యక్తి ఊళ్లోని పొదుపు ఖాతాను ఎన్‌ఆర్‌ఓ ఖాతాగా మార్పించి, ఫండ్ల కేవైసీలో కూడా ఆ సంగతి నమోదు చేయించాలి. దూరాన ఉన్న వేరావల్ రేవు నుంచి వేటకు వెళ్లే మత్స్యకారుడైనా, హైదరాబాదులో పనిచేసే కొడుకైనా ప్రతి ఫోలియోకూ, అంటే ప్రతి ఫండ్ ఖాతాకూ, నామినీ పేరు రాయించి, ఫండ్ల పేర్లు, ఫోలియో నంబర్లు, బ్యాంకు ఖాతా నంబరు ఒక కాగితం మీద తెలుగులో రాసి భూమి పాసుపుస్తకంతోపాటు ఇంట్లో ఉంచాలి. ఖాతా వివరాల నెలవారీ నివేదిక ఈమెయిలుకు మాత్రమే వస్తుంటే, ఆ ఈమెయిలు తెరవడం తెలియని భార్యకు లేదా తల్లికి ఆ సొమ్ము ఉన్న సంగతే తెలియకుండా పోయే ప్రమాదం ఉంది.