నడక – పాదరక్షలు – ఆరోగ్యము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగపాఠము)



25 ఏండ్లుగా ఈ గ్రామమునకు విజ్ఞానదానము చేయుచున్న ఈ గ్రంథాలయము రజతోత్సవము జరుపుకొనుచున్న శుభసమయమున నాలుగు మాటలు చెప్పుటకు నాకు అవకాశము కలిగించిన కార్యవర్గమువారికి కృతజ్ఞుడను. ఇట్టి సభలలో సామాన్యముగా తలకు సంబంధించిన విషయములు, అనగా చదువు, సాహిత్యము, జ్ఞానము మొదలగునవి ప్రసంగింపబడును. నేను కాళ్ళను గూర్చి ముచ్చటింప తలచితిని. తలకు నూనె రాచి, దువ్వి, అద్దములో చూచుకొనుటలో మనము చూపు శ్రద్ధలో పదియవవంతైనను పాదములపై చూపము. గ్రంథాలయమునకు మనలను మోసికొనివచ్చునవి అవియే కనుక, ఈ ఒక్కనాడు వానిని తలచుకొనుట తప్పుగాదని నమ్ముచున్నాను.

పెద్దవారి శరీరమున 206 ఎముకలున్నవి. వానిలో పాదమునకు 26 చొప్పున 52 ఎముకలు ఈ రెండు పాదములలోనే యున్నవి. అనగా ఎముకలలో నాల్గవవంతు నేలను తాకెడి ఈ చిన్నభాగమున ఇమిడియున్నవి. ఇంతటి ఏర్పాటు స్తంభమువలె నిలుచుటకు కాదు; నడచుటకు. అడుగువేయునపుడు ముందుగా మడమ నేలకు ఆనును. పిమ్మట బరువు అరికాలి వెలుపలి అంచుమీదుగా ముందునకు సాగి, తుదకు బొటనవ్రేలి మొదటికి చేరును. అచ్చట వ్రేళ్ళు నేలను వెనుకకు నెట్టగా దేహము ముందునకు కదలును. అరికాలి వంపు అడుగడుగునకు అణగి మఱల లేచుచు, బండి కమానువలె కుదుపును తనలో ఇముడ్చుకొనును. ఇదే సమయమున పిక్కల కండరములు బిగియుచు సడలుచు కాళ్ళలోని రక్తమును గుండెవైపునకు ఎక్కద్రోయుచుండును. గంటలకొలది కదలక కూర్చున్నవారికి సాయంకాలమునకు పాదములు వాచుట చాలవఱకు ఈ పని జరుగకపోవుటచేతనే.

నడక మేలుచేయునను మాట పెద్దల నోటిమాటగానే నిలిచిపోలేదు, లెక్కలకును అందినది. జెరెమీ మోరిస్ అను ఆంగ్ల వైద్యుడును, ఆయన సహచరులును లండను నగరపు రెండంతస్తుల బస్సులలో పనిచేయువారిని పరిశీలించి, 1953లో తమ ఫలితములను ప్రకటించిరి. దినమంతయు కూర్చుండి బస్సు నడపెడి డ్రైవర్లకంటె, మెట్లు ఎక్కుచు దిగుచు టిక్కెట్లిచ్చెడి కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగా వచ్చినట్లు తేలెను. ఇరువురిదియు ఒకే బస్సు, ఒకే దారి. ముఖ్యమైన భేదము కాళ్ళ కదలికయే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో వెలువరించిన సూచనల ప్రకారము పెద్దలు వారమునకు 150 మొదలు 300 నిమిషములవఱకు మధ్యరకపు శ్రమ చేయవలెను. దినమునకు అరగంట చొప్పున వారమునకు ఐదుదినములు చుఱుకుగా నడచిన, అందలి కనీసపు లెక్క తీరును. ప్రక్కవానితో మాటలాడగలిగియు, పాట పాడలేనంత వేగమే చుఱుకైన నడకకు గుర్తు. దినమునకు 10,000 అడుగులు వేయనిదే ఫలము లేదని కొందఱు భయపడుచుందురు. ఆ సంఖ్య 1965లో జపాను దేశమున అమ్మకమునకు వచ్చిన, అడుగులు లెక్కించెడి ఒక పరికరము పేరునుండి లోకమున వ్యాపించినది. అమెరికాలో వృద్ధస్త్రీలపై జరిపి 2019లో ప్రకటించిన పరిశోధనలో, దినమునకు సుమారు 2,700 అడుగులు వేయువారికంటె 4,400 అడుగులు వేయువారిలో మరణములు తక్కువగా కనబడెను. 7,500 దాటిన పిమ్మట అదనపు లాభము కనబడలేదు. కావున వృద్ధులు నిరుత్సాహపడవలసిన పనిలేదు. నిన్నటికంటె నేడు కొంత ఎక్కువ నడచినను మేలే.

"మేము పల్లెవారము, చేలగట్లమీద నడచుచునే యున్నాము, మాకీ బోధ యేల?" అని మీరడుగవచ్చును. ఒకప్పుడు ఈ ప్రశ్నకు బదులు లేదు. కాని నేడు దుక్కి ట్రాక్టరు దున్నుచున్నది. చేనికి మోటారు సైకిలు పోవుచున్నది. పిల్లలను బడికి ఆటో కొనిపోవుచున్నది. సాయంకాలమున రచ్చబండకు బదులు టెలివిజను ఎదుట కూర్చుండుట అలవాటైనది. తిండి మాత్రము దున్నిననాటి తిండియే. పట్టణములకే పరిమితమని మనమనుకొన్న మధుమేహము, వాడుకలో చక్కెరవ్యాధి, మన వీథులలోనికి వచ్చుటకు ఇదియు ఒక కారణము. భోజనమైన పిమ్మట పది పదునైదు నిమిషములు మెల్లగా నడచినను రక్తములోని చక్కెర పెరుగుదల తగ్గును. దీనికి ఖర్చు లేదు.

ఇక పాదరక్షల మాట. నడకను, చెప్పులను రెంటిని గౌరవించిన మహనీయుడు గాంధీమహాత్ముడు. 1930 మార్చి 12న సబర్మతి ఆశ్రమమునుండి బయలుదేరి, ఏప్రిల్ 5న దండి చేరువఱకు సుమారు 385 కిలోమీటర్లు కాలినడకను సాగించునప్పటికి ఆయనకు 60 ఏండ్లు నిండియున్నవి. అంతకు పూర్వమే, దక్షిణాఫ్రికాలో నుండగా, ఆయన చెప్పులు కుట్టుట నేర్చెను. తనను చెఱలోనుంచిన ప్రభుత్వమునందు ప్రముఖుడైన జనరల్ స్మట్సుకు తాను కుట్టిన చెప్పులజత కానుకగా పంపెను. చెప్పును చిన్నవస్తువుగా చూడరాదనుటకు ఇంతకంటె నిదర్శన మేమి కావలెను?

అయినచో చెప్పులు ఎల్లప్పుడును తొడుగుకొనియే యుండవలెనా? అట్లును కాదు. మణిపాలునకు చెందిన వైద్యులు రావు, జోసెఫ్ అనువారు 2,300 మంది బాలబాలికల పాదములను పరీక్షించి 1992లో తమ ఫలితములను ప్రకటించిరి. పాదరక్షలు తొడిగెడి పిల్లలలో నూటికి 8.6 మందికి అరికాలివంపు లేని చదునుపాదములుండగా, వట్టికాళ్ళతో తిరుగువారిలో నూటికి 2.8 మందికి మాత్రమే యుండెను. ముందుభాగము మూసియున్న బూట్లు తొడుగువారిలో ఇది అధికము. కావున చిన్నపిల్లలను శుభ్రమైన ఇంటనో, వాకిటనో, ఇసుకమీదనో వట్టికాళ్ళతో ఆడనిచ్చుట మంచిది. వారి పాదములలోని కండరములకు అదియే వ్యాయామము.

కాని నేల శుభ్రముగా నున్నప్పుడే ఈ మాట చెల్లును. ఆరుబయట మలవిసర్జనముచేసిన తడినేలలో కొంకిపురుగు గుడ్లు పిల్లలై, వట్టికాలి చర్మమును తొలిచికొని లోనికి ప్రవేశించును. వ్రేళ్ళసందున దురద కలుగును. అంతకుమించి ఏమియు తెలియదు. ఆ పురుగులు రక్తముతో ఊపిరితిత్తులకు పోయి, గొంతునకు ఎక్కి, మ్రింగబడి, ప్రేగులకు చేరి, అచ్చట కఱచిపట్టుకొని రక్తమును పీల్చును. ఆర్థర్ లూస్ అను జర్మను శాస్త్రజ్ఞుడు ఈజిప్టులో పనిచేయునపుడు, ఈ పిల్లపురుగులున్న నీరు తన చేతిపై ఒలికి దురద పుట్టుటను గమనించి, అవి చర్మముగుండ ప్రవేశించునని 1898లో వెల్లడించెను. కష్టించి పనిచేయుచున్నను పాలిపోయి, ఆయాసపడెడి స్త్రీలను, పిల్లలను సోమరులని నిందించుటకు ముందు వారి కాళ్ళకు చెప్పులున్నవా, ఇంటికి మరుగుదొడ్డి యున్నదా యని విచారింపవలెను. పొలమున ముల్లు, గాజుపెంకు, పామును ఉన్నవి. మట్టిలో గ్రుచ్చుకొన్న గాయమునుండి ధనుర్వాతము రావచ్చును. దట్టమైన గడ్డిలో పనిచేయునపుడును, చీకటిలో గట్టుమీద నడచునపుడును మడమవఱకు కప్పెడి బూట్లును, చేత దీపమును అవసరము.

ఇచ్చట ఒక చేదునిజము చెప్పక తప్పదు. ఒకప్పుడు మన పల్లెలలో పలుచోట్ల కొన్ని కులములవారు ఊరిలో చెప్పులు తొడిగి నడువరాదను నిర్బంధముండెడిది. ఊరికంతకును చెప్పులు కుట్టియిచ్చిన చేతులవారే తమ చెప్పులను చేతబట్టుకొని పోవలసివచ్చెను. అది వారి మానమునకే కాక ఆరోగ్యమునకును చేసిన ద్రోహము. చెప్పు పెద్దఱికమునకు చిహ్నము కాదు. పాదమున్న ప్రతివానికిని హక్కు.

చెప్పులున్నను అవి తగనివైనచో కీడే చేయును. మొన దేరిన బూట్లలో వ్రేళ్ళు ఒకదానిపై నొకటి ఎక్కి, బొటనవ్రేలు ప్రక్కకు వంగిపోవును. ఎత్తుమడమల జోళ్ళు బరువునంతటిని వ్రేళ్ళ మొదళ్ళపై వేసి, పిక్కలను కుఱుచపఱచి, నడుమునకు నొప్పి తెచ్చును. వదులైన హవాయిచెప్పు జాఱిపోకుండుటకు వ్రేళ్ళతో దానిని పట్టుకొని నడువవలసివచ్చును. దూరపు నడకకు అది పనికిరాదు. అరిగి ఒకవైపునకు ఒరిగిన చెప్పు చీలమండను, మోకాలిని గూడ ఒరగజేయును. పూర్వము ఊరి చర్మకారుడు మన పాదము కొలతతీసి కుట్టెడివాడు. నేడు అంగడిలో అంకెను చూచి కొనుచున్నాము. కావున పాదమును కాగితముపై మోపి, చుట్టు గీతగీసి, ఆ కాగితముపై చెప్పునుంచి చూడుడు. చెప్పు గీతకంటె ఇఱుకుగా నున్న అది మనది కాదు. సాయంకాలమునకు పాదము కొంచెము ఉబ్బును గనుక ఆ వేళనే కొనుట మేలు. నిలుచుండి చూచినపుడు పొడవైన వ్రేలికి ముందు బొటనవ్రేలి వెడల్పంత చోటుండవలెను. మడమ వెనుక పట్టీయున్న చెప్పు శ్రేష్ఠము.

ఇప్పుడు నేను ముఖ్యముగా చెప్పవచ్చిన విషయమునకు వచ్చుచున్నాను. చెప్పులో పడిన చిన్నరాయి పెట్టెడి బాధను గూర్చి వేమన చెప్పినది ఎఱుగని తెలుగువాడు లేడు. ఆ రాయి బాధించును గనుకనే మనము ఆగి, చెప్పు విదల్చి, కాలిని కాపాడుకొందుము. ఆ రాయి బాధింపకున్నచో? అప్పుడే అసలైన ఆపద.

1914లో తమిళనాడులోని కొల్లిమలలలో జన్మించిన పాల్ బ్రాండ్ అను శస్త్రవైద్యుడు, 1946లో మన చిత్తూరునకు పొరుగుననున్న వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలకు వచ్చి, కుష్ఠురోగుల కాలుసేతులకు చికిత్స ప్రారంభించెను. కుష్ఠువ్యాధి చేత వ్రేళ్ళు వానియంతట అవియే క్రుళ్ళి రాలిపోవునని అందఱును నమ్మెడి కాలమది. వ్యాధి నరములను చెఱచి స్పర్శను పోగొట్టుటయు, స్పర్శలేని పాదము ముల్లును, మేకును, ఒరపును తెలిసికొనలేక మఱల మఱల గాయపడుటయు ముఖ్యకారణములని ఆయన చూపెను. ఆయనయు సహచరులును మెత్తని, సన్నని గాలిగదులుగల రబ్బరుతో చెప్పులు చేయించిరి. పాదముపై ఒత్తిడిని సమముగా పంచెడి చెప్పు దొరకగా, ఏండ్ల తరబడి మానని పుండ్లు మానినవి. ఆయన 1966లో అమెరికాలోని కార్విల్ కుష్ఠువైద్యశాలకు వెళ్ళి, ఈ జ్ఞానమును మధుమేహరోగుల పాదములకును వర్తింపజేసెను.

ఏలయన, ఏండ్లతరబడి అదుపులేని చక్కెరవ్యాధియు అదే పని చేయును. పాదముల స్పర్శ మెల్లగా పోవును. రక్తప్రసారము తగ్గి గాయము త్వరగా మానదు. తుమ్మముల్లు దిగినను రోగికి తెలియదు. నొప్పిలేదు గనుక పుండును లెక్కచేయడు. చీము ఎముకకు చేరిన పిమ్మట ఆసుపత్రికి పోగా వ్రేలినో, పాదమునో, ఒక్కొక్కప్పుడు కాలినో తీసివేయవలసివచ్చును. ఒక కుటుంబమున సంపాదించువాని కాలు పోవుట యనగా ఆ యింటి నాగలి విఱుగుటయే. "నొప్పిలేదు గనుక భయములేదు" అని మనము అనుకొనుచున్నాము. చక్కెరవ్యాధిగల పాదమునకు ఆ మాట తలక్రిందులు. నొప్పియే దేహమునకు కావలివాడు. కావలివాడు నిద్రించిన యింట మనము కన్నులతో కాపలా కాయవలెను.

అందులకు కొన్ని నియమములు విన్నవించెదను. చక్కెరవ్యాధిగలవారు ప్రతిరాత్రి దీపముముందు కూర్చుండి, అరికాలిని, వ్రేళ్ళసందులను చూచుకొనవలెను. వంగలేనివారు అద్దమునైనను, ఇంటివారినైనను ఆశ్రయింపవలెను. కాళ్ళు కడిగి, వ్రేళ్ళసందులను పొడిగా తుడువవలెను. పగుళ్ళకు నూనె రాయవచ్చును గాని వ్రేళ్ళసందున రాయరాదు. ఆనెకాయలను బ్లేడుతో కోయరాదు. తిమ్మిరి పోవునని వేడియిటుకతోను, మరుగునీటితోను కాపడము పెట్టరాదు. చర్మము కాలినను తెలియదు. జోళ్ళను ప్రతిసారి దులిపి, లోపల చేయిపెట్టి చూచి తొడుగుకొనవలెను. రాయి మాత్రమే కాదు, తేలును ఉండవచ్చును. ఇంటిలోపలను మెత్తని చెప్పులు వాడుట దోషము కాదు. ఎండకాలపు మధ్యాహ్నమున గుడిరాళ్ళపై వట్టికాళ్ళతో ప్రదక్షిణము చేయక తెల్లవారుజామునకు మార్చుకొనవలెను. అలిపిరి మెట్లదారిని వట్టికాళ్ళతో ఎక్కెదమని మ్రొక్కుకొన్నవారు ముందుగా వైద్యునికి పాదములు చూపవలెను. భగవంతుడు భక్తిని కోరును గాని పుండును కోరడు. చిన్నపుండైనను మఱునాడే వైద్యునికి చూపుడు.

స్పర్శయున్నదో లేదో యింటనే తెలిసికొనుటకు ఒక సులభమార్గము కలదు. రోగిని కన్నులు మూసికొనుమని, ఇంటివారు ప్రతి పాదమునను బొటనవ్రేలు, నడిమివ్రేలు, చిటికెనవ్రేలు కొనలను తమ వ్రేలితో మెల్లగా, ఒక్క క్షణము మాత్రము తాకవలెను. నొక్కరాదు, రుద్దరాదు. ఈ ఆఱింటిలో రెండు, అంతకెక్కువ తెలియకున్నచో స్పర్శ తగ్గినట్లే. వెంటనే వైద్యుని చూడవలెను. పట్టుమని రెండు నిమిషముల పని.

ఈ రజతోత్సవ సందర్భమున కార్యవర్గమువారికి నాదొక మనవి. ఈ నియమములను పెద్ద అక్షరములతో ఒక అట్టపై వ్రాయించి, పాఠకులు చెప్పులు విడిచెడి చోట వ్రేలాడదీయుడు. సభికులకును ఒక మనవి. నేడు ఇండ్లకు మరలునపుడు మీ చెప్పులను ఒకమారు తిరుగవేసి చూడుడు. అవి ఏ వైపున అరిగినవో, మేకు ఏదైన పైకి లేచినదేమో గమనింపుడు. ఇంటికి పోయి, చక్కెరవ్యాధిగల తలిదండ్రుల యెదుట కూర్చుండి, వారి పాదములను చేతులలోనికి తీసికొని పరీక్షింపుడు. పెద్దల పాదములను తాకుట మనకు క్రొత్తగాదు. తాకిన చేతులతోనే చూచుటయు నేర్చుకొన్నచో, ఈ గ్రామమున ఒక్క కాలైనను నిలుచును. అదియే ఈ ప్రసంగమునకు ఫలము.