సలీం అలీగారి గురువు
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



చదువును గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గం వారు కోరినారు. చదువంటే డిగ్రీ, డిగ్రీ అంటే ఉద్యోగం అనే లెక్క మన ఇళ్ళల్లో బాగా పాతుకుపోయింది. పరీక్ష తప్పిన పిల్లవాణ్ణి "ఇంక అంగట్లో కూర్చో పో" అంటాము. అంగడిని మేము తక్కువ చేయడం లేదు. రెండో బొంబాయి అని పేరుబడిన ప్రొద్దుటూరు బ్రతికేదే అంగళ్ళ మీద కదా! అయితే డిగ్రీ లేని ఒకాయన చేయి పట్టుకున్న గురువును గురించి ఈ పూట చెప్పుకుందామని మా ఉద్దేశ్యం.

ఆ శిష్యుడు పక్షిశాస్త్రవేత్త సలీం అలీగారు. 1896లో అసలు బొంబాయిలోనే పుట్టినారు. పసితనంలోనే తల్లిదండ్రులు పోగా మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీగారు పెంచినారు. చిన్నప్పుడు ఎయిర్‌గన్‌తో ఒక పిచ్చుకను కొడితే, దాని గొంతు మీద పసుపు మచ్చ కనిపించింది. ఇదేం పిట్ట, మనం తినవచ్చునా కూడదా అని పిల్లవాడికి సందేహం. మేనమామ అతన్ని బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపినారు. కార్యదర్శి మిల్లార్డ్ దొర విసుక్కోలేదు. తమ దగ్గరున్న పిట్టలన్నీ చూపించి, చదువుకోమని పుస్తకాలిచ్చినాడు.

ఆసక్తి అట్లా పుట్టింది గాని, కాలేజీ చదువు సాగలేదు. బర్మాకు పోయి చేసిన వ్యాపారమూ కలిసి రాలేదు. డిగ్రీ లేనందున ప్రభుత్వ జంతుశాస్త్ర సంస్థలో ఉద్యోగం చేజారింది. చివరికి 1926లో బొంబాయి మ్యూజియంలో, చూడవచ్చిన వారికి వివరించి చెప్పే పని దొరికింది. పిట్టల శాస్త్రం క్రమంగా నేర్చుకోవాలనే పట్టుదలతో ఆ పనికి సెలవు పెట్టి బెర్లిన్ పోయినారు.

అక్కడి విశ్వవిద్యాలయ మ్యూజియంలో పక్షుల విభాగానికి పెద్ద ఎర్విన్ స్ట్రెసెమాన్. అప్పటికే జగమెరిగిన పండితుడు. వయసులో సలీం అలీగారి కంటే ఏడేళ్ళే పెద్ద. డిగ్రీ లేకపోవడం ఆయన దగ్గర అడ్డు రాలేదు. చచ్చిన పిట్టల తోళ్ళు కొలిచి పేర్లు పెడితే చాలదు, బ్రతికున్న పిట్ట ఏం చేస్తున్నదో, ఎందుకు చేస్తున్నదో చూడాలి అన్నది ఆ గురువు దారి.

ఆ చదువుతో 1930లో తిరిగి వస్తే, డబ్బు లేదని మ్యూజియంలోని ఉద్యోగాన్నే ఎత్తివేసినారు! భార్య తెహ్మినాగారితో సముద్రతీరంలోని కిహిం అనే పల్లె చేరినారు. ఇంటి దగ్గరే గిజిగాళ్ళు గూళ్ళు కట్టుకుంటున్నాయి. మన బావుల మీది తుమ్మకొమ్మలకు వ్రేలాడే గూళ్ళు మనం చూడనివా? చూస్తాము, పోతాము. ఆయన నెలల తరబడి అక్కడే కూర్చున్నారు. మగపిట్ట గూడు సగం కడుతుంది, ఆడపిట్ట వచ్చి లోపల తిరిగి చూస్తుంది, నచ్చితేనే సంబంధం! అప్పుడు మగది గూడు పూర్తి చేసి, ఇంకొక ఆడపిట్ట కోసం పక్కన మరొకటి మొదలుపెడుతుంది. ఈ సంగతి శాస్త్రలోకానికి వివరంగా చెప్పింది ఉద్యోగం పోయిన ఈ మనిషే. పనిలేని ఆ కాలాన్ని బెర్లిన్‌లో నేర్చిన చూపే పనికి తెచ్చిందని మేము అనుకుంటాము.

అటు తరువాత జీతం అడగక, ఖర్చులు భరిస్తే చాలునని సంస్థానాలలో పిట్టల సర్వేకు పూనుకున్నారు. మొదట ఒప్పుకున్నది హైదరాబాదు సంస్థానం. 1931-32లో అక్కడి అడవులన్నీ తిరిగినారు.

1939లో యుద్ధం వచ్చింది. గురువుది జర్మనీ, శిష్యుడిది ఆంగ్లేయుల ఏలుబడిలోని దేశం. తెహ్మినాగారు పోయినదీ ఆ సంవత్సరమే. యుద్ధం ముగిసింది, బెర్లిన్ రెండు ముక్కలైంది, మన దేశం స్వతంత్రమైంది. వారి స్నేహం మాత్రం 1972లో స్ట్రెసెమాన్ కన్నుమూసే దాకా నిలిచింది. సలీం అలీగారికి పద్మ భూషణ్ వచ్చింది, దేశమంతా పేరు వచ్చింది. అయినా ఆ జర్మను స్నేహితుణ్ణి ఆయన తన గురువుగానే చెప్పుకునేవారు.

సలీం అలీగారు తామూ అట్లే కుర్రవాళ్ళను చేరదీసినారు. ఆ ఫలం మన జిల్లాకూ అందింది. కలివికోడిని 1900లో అనంతపురం దగ్గర క్యాంబెల్ అనే మిషనరీ చూసిన తరువాత, అది అంతరించినదనే అందరూ అనుకున్నారు. 1986 జనవరిలో సిద్ధవటం దాపున రెడ్డిపల్లె దగ్గర, బొంబాయి సొసైటీకి చెందిన యువకుడు భరత్ భూషణ్ దానిని తిరిగి లోకానికి చూపినారు. రాత్రిపూట పిట్టను పట్టింది మాత్రం ఆ అడవి ఎరిగిన మన పల్లె వేటగాడు. ఏ కాలేజీ నేర్పుతుందండీ ఆ విద్య! సలీం అలీగారికి అప్పుడు 89 ఏళ్ళు. మరుసటి సంవత్సరమే ఆయన కన్నుమూసినారు. కలివికోడి కోసం లంకమల అడవిని 1988లో అభయారణ్యం చేసినారు.