జెకిల్ దీవి: నూరుగురి విడిది, నలుగురి సొత్తు
(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను పిలిచి, "అమెరికా వెళ్ళొచ్చారు కదా, ఓ అరగంట మాట్లాడండి" అన్నారు. నయాగరా గురించి, డిస్నీ గురించి మన సభ్యులు ఇప్పటికే చాలామంది చెప్పేశారు. నేను చెప్పబోయేది ఒక చిన్న దీవి కథ. మనం బ్యాంకు వాళ్ళం కనుక మనకు కాస్త చుట్టరికం ఉన్న కథే.

మా అబ్బాయి అట్లాంటాలో ఉంటాడు. అక్కడి నుంచి కారులో అయిదు గంటలు పోతే జార్జియా రాష్ట్రపు సముద్ర తీరం వస్తుంది. బ్రన్స్‌విక్ అనే ఊరు దాటి, చిత్తడి నేలల మీదుగా వేసిన రోడ్డెక్కి, ఒక వంతెన దాటితే జెకిల్ దీవి. పొడవు ఏడు మైళ్ళు, వెడల్పు మైలున్నర. పేరు విని మా కోడలు "ఆ కథలో డాక్టరు జెకిల్ ఉండేవాడా మామయ్య గారూ?" అని అడిగింది. అదేం కాదు. సర్ జోసెఫ్ జెకిల్ అనే ఇంగ్లండు పెద్దమనిషి జార్జియా వలస రాజ్యానికి సాయం చేశాడని ఆయన పేరు పెట్టారు. చాలాకాలం ఇంగ్లీషులో ఒక అక్షరం తగ్గించి రాశారు. 1929లో రాష్ట్ర శాసనసభ ఆ స్పెల్లింగు సరిచేసింది. మన సర్వీసు రికార్డుల్లో ఇంటిపేరు దిద్దించుకోవడానికి మనం పడ్డ పాట్లు గుర్తొచ్చాయి నాకు.

ఈ దీవి దాదాపు ఒక శతాబ్దం పాటు డుబిన్యోన్ అనే కుటుంబానిది. ప్రత్తి పండించేవారు, పండించినది బానిసలు. 1886లో ఆ కుటుంబపు జాన్ యూజీన్, ఆయన బావ న్యూటన్ ఫిన్నీ కలిసి ఒక తెలివైన బేరం నడిపారు. న్యూయార్కు ధనికులను కూడగట్టి, క్లబ్బు పెట్టించి, 1,25,000 డాలర్లకు దీవిని దానికి అమ్మారు. సభ్యుల సంఖ్య నూరుకు మించరాదని నిబంధన. 1888 జనవరిలో మొదటి సీజను మొదలైంది. జె.పి.మోర్గాన్, విలియం రాక్‌ఫెల్లర్, వాండర్‌బిల్ట్, పత్రికాధిపతి పులిట్జర్, చికాగో వ్యాపారి మార్షల్ ఫీల్డ్ - అందరూ సభ్యులే. ప్రపంచ సంపదలో ఆరో వంతు ఆ దీవిలో ఉండేదని అక్కడ గైడ్లు చెబుతారు. ఆ లెక్క ఏ ఆడిటరు చేశాడో నాకు తెలియదు కాబట్టి నేను దాన్ని పాస్ చెయ్యను.

సంక్రాంతి వేళకు వచ్చి ఉగాది నాటికి వెళ్ళిపోయేవారు. అంటే మంచు కురిసే మూడు నెలలూ ఇక్కడ వేట, గోల్ఫ్, విందులు. వాళ్ళు కట్టుకున్న ఇళ్ళను 'కాటేజీలు' అనేవారు. కాటేజీ అంటే మనకు రెండు గదుల పెంకుటిల్లు తోస్తుంది. 1917లో కట్టిన క్రేన్ కాటేజీలో స్నానాల గదులే పదిహేడు! స్వంత నావల్లో వచ్చేవారు కొందరు. చప్పుడంటే గిట్టని పులిట్జర్ 1911లో ఇక్కడికి వస్తూ దారిలోనే, చార్లెస్టన్ రేవులో తన నావలోనే పోయాడు.

మనకు నచ్చే మనిషి ఒకాయనున్నారు. ఎర్నెస్ట్ గ్రాబ్ అనే క్లబ్బు సూపరింటెండెంటు. 1888 నుంచి 1930 దాకా, 42 సంవత్సరాల సర్వీసు. సభ్యులు చచ్చారు, వారి కొడుకులొచ్చారు, గ్రాబ్ మాత్రం అక్కడే. ఆయన కింద వంటవాళ్ళు, పడవవాళ్ళు, చాకళ్ళు, గుర్రాలవాళ్ళు పనిచేసేవారు. ఆ నౌకర్లలో నల్లజాతి వారు చాలామంది. కాటేజీల ముందు మోర్గాన్, రాక్‌ఫెల్లర్ల పేర్లు రాసి ఉంటాయి గాని ఈ నౌకర్ల పేర్లు వెదుక్కుంటేనే దొరుకుతాయి.

ఇక బ్యాంకు సంగతికి వస్తాను. 1907లో అమెరికాలో పెద్ద సంక్షోభం. న్యూయార్కులో నికర్‌బాకర్ ట్రస్టు ముందు డిపాజిటర్లు బారులు తీరారు. అప్పుడు ఆ దేశంలో మన రిజర్వు బ్యాంకు లాంటిది లేదు. మోర్గాన్ తానే తోటి బ్యాంకర్లను తన గదిలో కూర్చోబెట్టి డబ్బు పోగుచేసి నిలబెట్టాడు. దేశం మొత్తం ఒక్క మనిషి మీద ఆధారపడడం మంచిది కాదని అందరికీ అర్థమైంది. సెనేటరు ఆల్డ్రిచ్ అధ్యక్షుడుగా 1908లో కమిషన్ వేశారు.

1910 నవంబరులో ఆల్డ్రిచ్ తన ప్రత్యేక రైలుపెట్టెలో కొద్దిమందిని ఎక్కించుకుని ఈ దీవికి వచ్చాడు. ఖజానా సహాయ కార్యదర్శి ఆండ్రూ, నేషనల్ సిటీ బ్యాంకు అధ్యక్షుడు వాండర్లిప్, మోర్గాన్ సంస్థ భాగస్వామి డేవిసన్, జర్మనీ నుంచి వచ్చిన బ్యాంకరు పాల్ వార్బర్గ్ ఆయన వెంట ఉన్నారు. బాతుల వేటకు వెళ్తున్నామని చెప్పుకున్నారు. వార్బర్గ్ ఎన్నడూ బాతును కొట్టి ఎరుగడు, తుపాకీ అరువు తెచ్చుకున్నాడు. నౌకర్లకు తెలియకూడదని ఇంటిపేర్లు వాడకుండా ఒకరినొకరు చిన్న పేర్లతో పిలుచుకున్నారు. అలా కూర్చుని కేంద్ర బ్యాంకు పథకం ముసాయిదా తయారు చేశారు. అది యథాతథంగా చట్టం కాలేదు. కాని 1913 డిసెంబరు 23న వచ్చిన ఫెడరల్ రిజర్వు చట్టంలో ఆ పథకపు ఎముకలు చాలా ఉన్నాయి. ఆ సమావేశం జరిగిందని వాండర్లిప్ పూర్తిగా ఒప్పుకున్నది 1935లో.

నా అభిప్రాయం అడిగితే, వాళ్ళు చేసిన పని అవసరమైనదే. బ్యాంకు ముందు బారు తీరిన డిపాజిటరు కళ్ళు చూసినవారు మనలో ఎవరైనా ఉంటే, చివరి దిక్కుగా అప్పిచ్చే బ్యాంకు విలువ చెప్పనక్కరలేదు. కాని దొంగచాటుగా చేయడమే తప్పు. ఆ రహస్యం వల్లే ఈనాటికీ అక్కడ జనం లేనిపోని కుట్రలన్నీ దానికి అంటగడుతుంటారు. మన దగ్గర రిజర్వు బ్యాంకు 1935 ఏప్రిల్ 1న మొదలయ్యే ముందు హిల్టన్ యంగ్ కమిషన్ దేశంలో సాక్ష్యాలు తీసుకుంది. డాక్టర్ అంబేద్కర్ కూడా వెళ్ళి చెప్పారు. వేసినది తెల్లదొరలైనా, ఆ మాటలు కాగితం మీద ఉన్నాయి.

1929 పతనంతో, ఆదాయపు పన్నుతో, సభ్యుల వయసుతో క్లబ్బు కృశించింది. యుద్ధం వచ్చాక 1942 సీజనే ఆఖరు. 1947లో గవర్నరు థాంప్సన్ చట్ట ప్రకారం దీవిని రాష్ట్రం స్వాధీనం చేసుకునేట్లు చేసి, 6,75,000 డాలర్లు చెల్లించాడు. సామాన్యులు కూడా సముద్రానికి పోగలగాలన్నది ఆయన వాదం. ప్రత్యర్థులు అది 'థాంప్సన్ పిచ్చి' అని వెక్కిరించారు. ఖైదీల చేత రోడ్లు వేయించారు. 1954 డిసెంబరులో వంతెన తెరిచారు.

'ప్రజల దీవి' అన్నారు, సరే. ఆ ప్రజల్లో నల్లవారు ఉన్నారా? దక్షిణపు కొసన సెయింట్ ఆండ్రూస్ బీచి అని 1950లో వారికి వేరుగా ఒక ముక్క కేటాయించారు. జార్జియాలో నల్లవారికి ప్రభుత్వం చూపిన మొదటి సముద్రపు ఒడ్డు అదే. 1959లో అక్కడ డాల్ఫిన్ క్లబ్బు, మోటెల్ పెట్టారు. మంచి సంగీతం, మంచి భోజనం ఉండేవట. కాని గోల్ఫ్ మైదానం, హోటళ్ళు వారికి లేవు. 1964లో గాని ఆ గీత చెరగలేదు. ఒకటే పన్ను కట్టి, ఒకటే ఇసుకలో నిలబడడానికి పదేళ్ళు ఆగవలసి వచ్చింది.

అందులోనూ ఒక చేదు నిజం ఉంది. ఆ దక్షిణపు తీరానికే 1858 నవంబరు 28న 'వాండరర్' అనే నావ వచ్చింది. విలాసానికి కట్టిన యాట్. ఆఫ్రికా నుంచి మనుషులను తేవడం 1808 నుంచే నేరం. అయినా దాదాపు 490 మందిని ఎక్కించుకొచ్చారు. ప్రాణాలతో దిగినవారు 409 మంది. దీవి యజమానులకు ముట్టవలసింది ముట్టింది. కేసులు నడిచాయి, శిక్షలు పడలేదు. నూరుగురి క్లబ్బు పెట్టకముందు ముప్పై ఏళ్ళ కిందటి మాట ఇది.

దీవిని మళ్ళీ పెద్ద కట్టడాలు మింగుతాయన్న భయం అక్కడి వారికి ఎప్పుడూ ఉంది. అందుకే 1971లో మూడింట రెండు వంతుల దాకా కట్టకుండా ఉంచాలని చట్టం చేశారు. 2014లో 1,675 ఎకరాలకు మించకూడదని అంకె కూడా రాసిపెట్టారు. శాతాలతో ఆటలాడడం సులువు, ఎకరాలతో కష్టం. ఆ సంగతి మన గ్రామాల్లో చెరువు శిఖం చూసినవారికి తెలుసు.

క్లబ్బు భవనం 1980ల చివర నుంచి హోటలుగా నడుస్తోంది. గుర్రాల సాలలో మ్యూజియం పెట్టారు. దీవిలోకి కారుకు రుసుము తీసుకుంటారు. మన సభ్యుల పిల్లలు ఆ ప్రాంతంలో చాలామంది ఉన్నారు కనుక ఒక మాట. వాళ్ళు మిమ్మల్ని కాటేజీల వైపే తిప్పుతారు. ఎండ తగ్గాక దక్షిణపు కొసకు తీసుకుపొమ్మనండి. వాండరర్ జ్ఞాపకార్థం అక్కడ ఒక నడకదారి ఉంది, మోకాళ్ళ నొప్పులవారు కూడా నడవగలరు. అక్కడ బల్లలు కూడా వేశారు.