కొత్త కాకముందు మామిడికాయ

పెంపకానికీ మత నమ్మకానికీ ఉన్న సంబంధం గురించి మాట్లాడమన్నారు. మాకు తెలిసింది హాస్టల్ భోజనాల వరస. అక్కడి నుంచే చెబుతాం.

మన పాడేరు మన్యం 2022లో అల్లూరి జిల్లా అయింది కదా, అంతకు ముందు మాట ఇది. మార్చిలో హాస్టల్లో మామిడికాయ పప్పు వండించాం. ఆరో తరగతి అమ్మాయి ఒకతె కంచం ముట్టలేదు. "మా ఊళ్లో ఇంకా కొత్త కాలేదు మేడం" అంది. మారాం అనుకున్నాం. గదిమి, దగ్గర నిలబడి తినిపించాం. ఆ రాత్రంతా ఏడ్చింది. కీడు తనకు కాదు, ఇంటి దగ్గర నాయనమ్మకు తగులుతుందని దాని భయం.

మామిడి కొత్త అంటే తెలియనివాళ్లు ఈ సభలో లేరు. దిశారి మంచిరోజు చెప్పాలి. చైత్రంలో ఇటుకల పండగ నాళ్లలో ముందు దేవతకు, పెద్దలకు పెట్టాలి. ఆ తర్వాతే మన నోట్లోకి. కందికీ, చిక్కుడుకూ అంతే. కాయ ముదిరేదాకా చెట్టును వదిలేయడంలో సైన్సు ఉందంటారు. ఉంటే ఉండనీ, ఆ పిల్ల మానింది సైన్సు కోసం కాదు.

మరి మాకెందుకు తట్టలేదు? మేమూ ఈ కొండల పిల్లలమే. ఆరేళ్లకే ట్రంకుపెట్టెతో హాస్టల్‌కు వచ్చాం. చైత్రంలో పరీక్షలు, పండగకు ఇంట్లో ఉన్నదే తక్కువ. ప్రార్థనలో నేర్పిన పాటలు ఇప్పటికీ నోటికొచ్చు. నిశాని దేవత ముందు ఏమని చెప్పుకోవాలో రాదు. దేవుడంటే గోడ మీది పటం అనుకుని, అమ్మ రాయికి మొక్కుతుంటే సిగ్గుపడ్డాం. బీఈడీలో పిల్లల మనస్తత్వం చదివాం, మంచి మార్కులే వచ్చాయి.

తర్వాతి ఆదివారం ఆ నాయనమ్మ వచ్చింది. తిడుతుందనుకున్నాం. "పిల్లకు చెప్పాం గాని, మీకు చెప్పాలని తట్టలేదమ్మా" అంది. తిట్టినా బాగుండేది.

చర్చికి వెళ్లే ఇళ్ల పిల్లలూ మా దగ్గర ఉన్నారు. 1950 ఉత్తర్వులో ఎస్సీలకు పెట్టిన మత నిబంధన ఎస్టీలకు లేదు. కాగితం మీద పేచీ లేదు. పిల్లల మధ్య మాత్రం మాటలు వస్తాయి, "మీరు రాళ్లకు మొక్కుతారు", "మీరు ఊరి పండగ మానేశారు" అని. ఒకసారి చర్చి ఇంటి తల్లి బిడ్డను చూడటానికి వచ్చింది. మామిడికాయలు తేలేదేమని కూతురు అడిగితే, "ముందు చర్చిలో ఇవ్వాల కదే, ప్రథమ ఫలం" అంది. పక్కనున్న మన పప్పు తినని పిల్ల పక్కున నవ్వింది. "మా నాయనమ్మా ఇలాగే అంటాది" అంది. ఆ తల్లి చిన్నప్పుడు కొత్త చేసుకున్న ఇంట్లోనే పెరిగింది. మాట బైబిల్లోదే. చెయ్యి ఆగడం ఎక్కడ నేర్చుకుందో మేం అడగలేదు.

ఇప్పుడు ఏ ఊళ్లో కొత్త అయిందో పిల్లల్ని అడిగి వంటగది గోడ మీద రాస్తున్నాం. కాని ఊళ్ల పిల్లలకు ఆ పూట టమాటా పప్పు. ఊరికో రోజు కావడంతో రెండు పప్పులు వండలేక వంటావిడ విసుక్కుంటుంది. ఈ ఏడు ఆఖరి ఊరి పేరు చెరిపేసరికి వేసవి సెలవులకు నాలుగు రోజులే మిగిలాయి.