రక్తములోని విటమినులు - రొమ్ము క్యాన్సరు



రొమ్ము క్యాన్సరు గల స్త్రీల రక్తమును పరీక్షింపగా డి విటమిను, జింకు, ఇనుము తక్కువగాను, రాగి హెచ్చుగాను ఉండుట పెక్కు తావుల కనబడినది. ఈ మాట ఇంటింటికిని చేరినది. మందుల యంగడిలో సీసాల చెల్లుబడి పెరిగినది. లోటు వలన రోగము వచ్చెను గనుక లోటు తీరిన రోగమును పోవునని మనవారి తర్కము.

అయితే శరీరములో తాపము పుట్టినప్పుడు ఇనుమును, జింకును రక్తమునుండి తొలగి లోపలి యవయవములలో దాగును. రాగిని మోయు ప్రోటీను హెచ్చును. తిండి సన్నగిల్లి, ఎండ మొగము చూడని రోగికి డి విటమిను తగ్గును. కావున లోటు రోగమునకు కారణము గాక ఫలమే యైయుండవచ్చును. అమెరికాలో 25,871 మందిని జట్లుగా చేసి, కొందరికి దినమునకు 2000 యూనిట్ల డి విటమినును, కొందరికి మందులేని మాత్రను ఇచ్చి అయిదేండ్లకు పైగా కనిపెట్టిరి. 2018 లో ఫలితము తెలిసినది. క్యాన్సరు వచ్చినవారి సంఖ్య తగ్గలేదు. రొమ్ము క్యాన్సరును తగ్గలేదు.

ఇంతకు చాలముందే ఒక తెలుగువాని పనివలన మనకు హెచ్చరిక దొరకినది. భీమవరమున 1895 లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున అమెరికాలోని లెడర్లీ వారు 1945 లో ఫోలిక్ ఆమ్లమును తయారుచేసిరి. బోస్టనులో సిడ్నీ ఫార్బరుగారు ఆ జాతి విటమినులను రక్తక్యాన్సరు గల బిడ్డలకిచ్చి చూడగా రోగము మరింత వడిగా సాగినట్లు తోచెను. అంతట ఆ విటమినునకు ఎదురు పనిచేయు అమినోప్టెరినును లెడర్లీ వారే పంపిరి. 1948 నాటికి కొందరు బిడ్డలకు రోగము కొంతకాలము అణగెను. దాని చెల్లెలనదగిన మెథోట్రెక్సేటు పిమ్మట రొమ్ము క్యాన్సరు చికిత్సలోను చేరినది. దేహమునకు బలమిచ్చునది కణితికిని బలమీయవచ్చును!

విటమిను బొత్తిగా వలదనుట లేదు. ఈస్ట్రోజెనును తగ్గించు మాత్రలు వాడు స్త్రీలకు ఎముకలు పలుచబడును గనుక వైద్యులే కాల్షియమును, డి విటమినును ఇత్తురు. పరీక్షించి ఇచ్చుట వేరు, సీసాను చూచి కొనుట వేరు.

గడ్డ తగిలినను నొప్పిలేదు గదా యని టానిక్కుతో ఆరు మాసములు గడపు తల్లులు మనలో నున్నారు. మబ్బును జూచి ముంతలోని నీళ్లు ఒలకబోసికొనుట యిదియే. మన సంఘ నిధికి దాతలిచ్చు సొమ్ములో కొంత పేదరోగులకు టానిక్కులు పంచుటకు వ్యయమగుచున్నది. ఆ సొమ్మును గడ్డ పరీక్షకును, పట్టణమునకు పోవు దారిఖర్చులకును, వెంటబోవు మనిషి బత్తెమునకును మార్పవలెనని కార్యవర్గమువారిని కోరుచున్నాను. తీర్మానము ఈ సాయంకాలమే సభ ముందునకు వచ్చును.